కాగితం పుస్తకమా, ఈ-రీడరా? ఇచ్చే ముందు తెలుసుకోవలసిన సంగతులు

విద్యకు సాయం చేసే దాతలు ఈ మధ్య తరచుగా ఒక ప్రశ్న వేస్తున్నారు. “పిల్లలకు ఇంకా పుస్తకాలు కొని పంచడం దేనికి? తలా ఒక ఈ-రీడర్ ఇస్తే అందులోనే వేల పుస్తకాలు పడతాయి కదా!” అంటారు. అడిగేవారి ఉద్దేశం మంచిది. వారిలో చాలామంది హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేస్తున్నవారు, రోజూ తెరమీదే చదివేవారు. తమకు పనికొచ్చింది పేద విద్యార్థికీ పనికొస్తుందని అనుకోవడం సహజమే.

అయితే మన లింగంపల్లి సంగతి చూడండి. 2003 ఆగస్టులో ఎమ్‌ఎమ్‌టీఎస్ రైళ్లు మొదలైనప్పుడు ఇది ఆ లైనుకు పడమటి చివరి స్టేషన్. ఇక్కడ ఎక్కితే చందానగర్, హఫీజ్‌పేట దాటగానే హైటెక్ సిటీ. అదే పెట్టెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగీ ఉంటాడు, అపార్టుమెంట్లలో పనికి వెళ్లే అమ్మా ఉంటుంది, కోచింగ్‌కు వెళ్లే ఇంటర్ విద్యార్థీ ఉంటాడు. ఈ ముగ్గురి ఇళ్లలో చదువు ఒక్కలా సాగదు. కాబట్టి “ఏది గొప్పది?” అన్న ప్రశ్న పక్కన పెట్టి “ఎవరికి ఏది?” అని అడగాలి. మీరిచ్చే ప్రతి రూపాయీ అమానత్. అది చదివే చేతికి చేరి, ఒకరి తర్వాత ఒకరికి ఉపయోగపడాలి. ఆ దృష్టితోనే ఈ వ్యాసంలో రెండింటినీ పోల్చి చూద్దాం.

ఈ-రీడర్ అంటే ఏమిటి?

ముందు ఒక తికమక తీర్చుకోవాలి. ఫోన్‌లో చదవడాన్నీ, ట్యాబ్‌లో చదవడాన్నీ, ఈ-రీడర్‌లో చదవడాన్నీ మనం ఒకే గాటన కట్టేస్తున్నాం. ఈ మూడూ ఒకటి కావు.

ఫోన్, ట్యాబ్ తెరలు తమ లోపలి నుంచి వెలుతురును మన కళ్లలోకి పంపుతాయి. ఈ-రీడర్ తెర అలా చేయదు. దానిలో ‘ఎలక్ట్రానిక్ సిరా’ ఉంటుంది. అమెరికాలోని ఎమ్‌ఐటీ పరిశోధనల నుంచి 1997లో పుట్టిన ఈ-ఇంక్ అనే సంస్థ దీన్ని తయారు చేసింది. తెర నిండా వెంట్రుక మందం ఉన్న చిన్న చిన్న బుడగలు ఉంటాయి. ప్రతి బుడగలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు ద్రవంలో తేలుతుంటాయి. రెండింటికీ వ్యతిరేక విద్యుదావేశాలు. విద్యుత్తు ఒకవైపు పెడితే తెల్లవి పైకి వస్తాయి, మరోవైపు పెడితే నల్లవి పైకి వస్తాయి. అలా అక్షరాలు ఏర్పడతాయి. ఒకసారి పేజీ ఏర్పడ్డాక అది నిలిచి ఉండటానికి కరెంటు అక్కర్లేదు. పేజీ తిప్పినప్పుడే ఖర్చవుతుంది. అందుకే ఒకసారి ఛార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. కాగితం లాగానే బయటి వెలుతురు దాని మీద పడి మనకు కనిపిస్తుంది కాబట్టి ఎండలో కూడా చక్కగా చదువుకోవచ్చు.

రాత్రి నిద్ర విషయంలోనూ ఈ తేడా ముఖ్యం. వెలుగు చిమ్మే ట్యాబ్ మీద పడుకునే ముందు కొన్ని గంటలు చదివినవారికి, కాగితం మీద చదివినప్పటి కంటే నిద్ర ఆలస్యంగా పట్టిందనీ, నిద్ర తెప్పించే మెలటోనిన్ తగ్గిందనీ హార్వర్డ్ వైద్య పరిశోధకులు 12 మంది మీద చేసిన అధ్యయనంలో చూశారు. దాన్ని 2015లో ప్రచురించారు. అది చిన్న అధ్యయనమే, పైగా అందులో వాడింది ట్యాబ్‌ను. ఆ ఫలితాన్ని ఈ-సిరా తెరకు అంటగట్టకూడదు. అలాగే “ఈ-రీడర్ కళ్లకు మంచిది” అన్న మాట విని పిల్లలకు ట్యాబ్ కొనివ్వడం కూడా సరికాదు. ట్యాబ్‌లో పుస్తకం పక్కనే ఆటలు, వీడియోలు ఉంటాయి. ఈ-రీడర్‌లో ఆ బెడద దాదాపు లేదు.

మన లిపులకు వచ్చిన చిక్కు

ఇంగ్లిషు చదివేవారికి ఈ-రీడర్ ఎంత సౌకర్యమో, తెలుగు, ఉర్దూ చదివేవారికి అంత సౌకర్యం కాదు. అమెజాన్ సంస్థ కిండిల్‌ను 2007 నవంబరులో తెచ్చింది. 2012లో మన దేశంలో అమ్మడం మొదలుపెట్టింది. 2016 డిసెంబరులో భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం అనే ఐదు భాషలతో మొదలుపెట్టింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు, ఉర్దూ లేదు. అదే సంస్థ 2019 ఆగస్టులో తన అతి పెద్ద కార్యాలయ భవనాన్ని తెరిచింది లింగంపల్లికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని నానక్‌రామ్‌గూడలోనే! పరికరం తయారుచేసే కంపెనీ పక్కనే ఉన్నంత మాత్రాన మన భాష అందులోకి వచ్చేయదు. తెలుగు ఈ-పుస్తకాల కోసం 2010లో హైదరాబాద్ నుంచి మొదలైన ‘కినిగె’ వంటి ప్రయత్నాలే దారి చూపాయి.

ఇంకో చిక్కు మన అచ్చు పద్ధతిలోనే ఉంది. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. అయినా మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో ‘అను’ ఫాంట్లతోనే పుస్తకాలు కూర్చారు. ఉర్దూకు 1990ల నుంచి ‘ఇన్‌పేజ్’ ఉంది. కాగితం మీద ఇవి అందంగా వస్తాయి. కానీ ఆ ఫైలును ఈ-పుస్తకంగా మార్చాలంటే అక్షరాలు చెదిరిపోతాయి. దాంతో చాలామంది పేజీలను బొమ్మల్లాగా పీడీఎఫ్ చేసి పెడతారు.

ఆ పీడీఎఫ్‌ను ఈ-రీడర్‌లో తెరిస్తే ఏమవుతుందో చిన్న లెక్క చూడండి. మన పుస్తకాలు ఎక్కువగా డెమీ సైజులో, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తులో ఉంటాయి. ఆరు అంగుళాల ఈ-రీడర్ తెర ఎత్తు ఐదు అంగుళాల లోపే. పేజీ మొత్తం అందులో ఇమడాలంటే సగానికి కాస్త పైన ఉండేంతగా కుంచించుకుపోతుంది. 12 పాయింట్ల అక్షరం 7 పాయింట్ల కంటే చిన్నదవుతుంది. మన ఒత్తులు, గుడులు, సుడులు ఆ సైజులో కలిసిపోతాయి. ఉర్దూ నస్తాలిఖ్‌లో నుక్తాలు కనపడవు. పేజీని పెద్దది చేసి అటూ ఇటూ జరుపుకుంటూ చదవడం పెద్దలకే విసుగు, ఇక పిల్లలు ఓపిక పడతారా? అందుకే తెలుగు లేదా ఉర్దూ చదివే విద్యార్థికి ఈ-రీడర్ ఇవ్వాలనుకుంటే ముందుగా ఆ పిల్లవాడు చదవవలసిన పుస్తకాన్నే అందులో తెరిచి చూడాలి. పెట్టె మీద “వేల పుస్తకాలు” అని ఉంటే సరిపోదు.

ఏది ఎక్కువ గుర్తుంటుంది?

చదువు విషయంలో అసలు ప్రశ్న ఇదే. 2018లో స్పెయిన్, ఇజ్రాయెల్ పరిశోధకులు అంతకు ముందు జరిగిన 54 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కలు కట్టారు. వాటిలో 1,71,000 మందికి పైగా పాల్గొన్నారు. సమాచారం ఉన్న పాఠాలను తెరమీద చదివినవారి కంటే కాగితం మీద చదివినవారికి కొంత ఎక్కువ అర్థమైందని తేలింది. గడువు పెట్టి చదివించినప్పుడు ఈ తేడా మరింత కనిపించింది. కథల దగ్గర మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. తెరలు అలవాటైన కొద్దీ ఈ తేడా తగ్గిపోతుందని చాలామంది అనుకున్నారు. కానీ 2000 నుంచి 2017 దాకా జరిగిన ఆ అధ్యయనాల్లో అది తగ్గలేదు, పెరిగింది.

అయితే వాటిలో ఎక్కువ భాగం కంప్యూటర్ల మీద జరిగినవి. ప్రత్యేకంగా కిండిల్‌నూ కాగితాన్నీ పోల్చిన అధ్యయనాన్ని నార్వేకు చెందిన ఆన్ మాంగెన్, మరో ఇద్దరు కలిసి 2019లో ప్రచురించారు. 50 మందికి 28 పేజీల ఒకే కథ ఇచ్చారు. సగం మంది కాగితం మీద, సగం మంది కిండిల్ మీద చదివారు. చాలా ప్రశ్నలకు రెండు వర్గాలూ ఒకేలా జవాబిచ్చాయి. కానీ ఏ సంఘటన ఎప్పుడు జరిగింది, ఏది ముందు, ఏది తర్వాత అన్న ప్రశ్నల్లో కాగితం చదివినవారు ముందున్నారు.

దీనికి కారణం మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మన మద్రసాల్లో హిఫ్జ్ చేసే పిల్లలను చూడండి. 15 పంక్తుల ముస్‌హఫ్‌లో ప్రతి పేజీ ఒక ఆయతు పూర్తయ్యే చోటే ముగుస్తుంది. ఉస్తాద్‌లు పిల్లవాడికి మొదటి నుంచి చివరి దాకా ఒకే ముద్రణ ప్రతి వాడమంటారు. మధ్యలో వేరే ముద్రణ ఇస్తే తడబడతాడు. ఎందుకంటే అతనికి ఆయతుతో పాటు అది కుడి పేజీలో ఉందా ఎడమ పేజీలో ఉందా, పైన ఉందా కింద ఉందా అన్నది కూడా మనసులో నిలిచిపోతుంది. చోటు కూడా జ్ఞాపకంలో భాగమే. ఈ-రీడర్‌లో అక్షరం సైజు పెంచితే పేజీలే మారిపోతాయి. నిన్న పైన చూసిన వాక్యం ఇవాళ కింద ఉంటుంది. మామూలు కథకు దీనివల్ల నష్టం లేదు. బట్టీ పట్టవలసిన, వెనక్కి తిరిగి వెతకవలసిన, పక్కన రాసుకోవలసిన పాఠానికి నష్టమే.

పరీక్షలకు సిద్ధమయ్యేవారి విషయంలో ఒక్క మాట. పాఠం నేర్చుకోవడం వేరు, పరీక్ష రాయడం వేరు. నీట్ పరీక్షను కాగితం మీద పెన్నుతో రాస్తారు. మన రాష్ట్ర ఈఏపీసెట్‌ను కంప్యూటర్ మీద రాస్తారు. కాబట్టి పాఠాలు పుస్తకంలో చదివినా, ఈఏపీసెట్ రాసే విద్యార్థికి చివరి నెలల్లో తెరమీద మాదిరి పరీక్షలు రాసే అవకాశం కల్పించాలి. దానికి ఇంటికో పరికరం అక్కర్లేదు, రీడింగ్ రూములో రెండు కంప్యూటర్లు ఉంటే వంతులవారీగా సరిపోతాయి.

ఇచ్చింది ఎవరి సొంతం?

దాతలు అన్నిటికంటే ముందు ఆలోచించవలసిన విషయం ఇది. అచ్చు పుస్తకం కొంటే అది మన సొంతం. చదివాక తమ్ముడికి ఇవ్వొచ్చు, లైబ్రరీకి ఇవ్వొచ్చు, పాత పుస్తకాల అంగడిలో అమ్మొచ్చు. కిండిల్ వంటి దుకాణాల్లో ఈ-పుస్తకానికి డబ్బు చెల్లిస్తే మనం కొన్నది పుస్తకాన్ని కాదు, దాన్ని చదువుకునే అనుమతిని. ఆ అనుమతి ఒక ఖాతాకు ముడిపడి ఉంటుంది. దాన్ని మరొకరికి దానం చేయలేం.

ఇది కాగితం మీది షరతుగానే మిగిలిపోలేదు. 2009 జూలైలో జార్జ్ ఆర్వెల్ రాసిన రెండు నవలలను అమ్మిన సంస్థకు హక్కులు లేవని తేలడంతో, అమెజాన్ ఆ పుస్తకాలను కొనుక్కున్నవారి కిండిల్‌ల నుంచి దూరం నుంచే తొలగించింది. డబ్బు తిరిగి ఇచ్చింది కానీ, ఒక విద్యార్థి చదువు కోసం రాసుకున్న నోట్స్ కూడా పనికిరాకుండా పోయాయి. తర్వాత ఆ సంస్థ క్షమాపణ చెప్పింది. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని తీగ ద్వారా కిండిల్‌లోకి ఎక్కించుకునే వెసులుబాటును కూడా తీసేసింది. అచ్చు పుస్తకాన్ని ఎవరూ మన అల్మరాలోంచి ఇలా తీసుకుపోలేరు.

మన సంప్రదాయంలో పుస్తకాలను వక్ఫ్ చేయడం పాత అలవాటు. వస్తువు నిలిచి ఉండాలి, దాని ఫలం అందరికీ అందుతూ ఉండాలి అన్నది అందులోని భావం. ఈ భావానికి అచ్చు పుస్తకం చక్కగా సరిపోతుంది. ఒకరి ఖాతాలో ఉన్న అనుమతి సరిపోదు. జకాత్ సొమ్ము విషయంలో అది అర్హుడైన వ్యక్తి సొంతం కావాలని హనఫీ ఉలమా చెబుతారు. అంటే జకాత్‌తో కొన్న పాఠ్యపుస్తకం విద్యార్థి చేతికే ఇచ్చేయాలి. లైబ్రరీలో ఉంచే ప్రతులను సదకా సొమ్ముతో కొనాలి. ఇక సొసైటీ ఖాతాలో ఉండే ఈ-పుస్తకాలకు జకాత్ వాడవచ్చా లేదా అన్నది మీకు తెలిసిన ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోవడం మేలు.

ఖర్చు లెక్క కూడా చూద్దాం. ఒక ఈ-రీడర్ 10,000 రూపాయలు, ఒక పిల్లల పుస్తకం 100 రూపాయలు అనుకుందాం. ఒక పరికరం ఖర్చుతో 100 పుస్తకాలు వస్తాయి. పరికరాన్ని ఒకసారి ఒక్కరే చదవగలరు. 100 పుస్తకాలను ఒకేసారి 100 మంది చదవొచ్చు. పరికరం కింద పడి తెర పగిలితే బాగు చేయించడానికయ్యే ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరగా ఉంటుంది. పుస్తకం కింద పడితే దులిపి ఇస్తే చాలు. పన్ను విషయంలోనూ అచ్చు పుస్తకాలపై జీఎస్టీ లేదు. ముద్రిత రూపం కూడా ఉన్న ఈ-పుస్తకాలపై 2018 జూలైలో దాన్ని 5 శాతానికి తగ్గించారు.

ఇక్కడ మరో సంగతి. వాట్సాప్ గ్రూపుల్లో కొత్త పుస్తకాల పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి. “ఉచితంగా వస్తున్నాయి కదా, పిల్లలకు పంపుదాం” అనిపిస్తుంది. మన దేశంలో రచయిత మరణించిన 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. అనుమతి లేకుండా పంచడం చట్టరీత్యా తప్పు, రచయిత కష్టార్జితాన్ని తీసుకోవడం కూడా. మంచి పని కోసం చేశామన్నంత మాత్రాన అది హలాల్ అయిపోదు.

తెర తప్ప వేరే దారి లేనివారు

ఇంతవరకూ చదివి “అయితే ఈ-పుస్తకం మనకొద్దు” అనుకోకండి. కొందరికి అదే తలుపు, వేరే తలుపు లేదు.

చూపు లేనివారి సంగతి తీసుకోండి. వారికి అచ్చు పుస్తకం ఖాళీ కాగితంతో సమానం. యూనికోడ్‌లో ఉన్న ఈ-పుస్తకాన్ని మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ తెలుగులో గట్టిగా చదివి వినిపిస్తుంది. ఇలాంటివారి కోసం పుస్తకాలను చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి వీలు కల్పించే మర్రకేష్ ఒప్పందం 2013లో కుదిరింది. దాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనదే. అంతకు ముందే, 2012లో, మన కాపీరైట్ చట్టాన్ని సవరించి వికలాంగుల కోసం ఇలా మార్చుకోవడానికి అనుమతి ఇచ్చారు. 2016 ఆగస్టులో ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ లైబ్రరీ మొదలైంది. అచ్చు చదవలేనివారు అందులో సభ్యులై తమకు అనువైన రూపంలో పుస్తకాలు తీసుకోవచ్చు. మీ బస్తీలో, మీ బంధువుల్లో చూపు లేని విద్యార్థి ఉంటే ఈ సభ్యత్వం ఇప్పించండి. ఒక మంచి ఫోన్, హెడ్‌ఫోన్ ఇచ్చి వాడటం నేర్పిస్తే అది ఎంతో విలువైన సదకా.

రెండో వర్గం వయసు మళ్లినవారు. శుక్లాలు వచ్చిన దాదాకూ, షుగర్ వల్ల చూపు మసకబారిన నానీకీ పెద్ద అక్షరాలు కావాలి. యూనికోడ్ పుస్తకమైతే ఈ-రీడర్‌లో ఎంత పెద్దవైనా చేసుకోవచ్చు. చేతులు వణికేవారికి లావు పుస్తకం కంటే తేలికైన పరికరం సులువు.

మూడో వర్గం ఇంగ్లిషులో విస్తారంగా చదవవలసిన కాలేజీ, విశ్వవిద్యాలయ విద్యార్థులు. మన పక్కనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. పరిశోధన చేసేవారికి వారానికి పది వ్యాసాలు, నాలుగు పుస్తకాలు తిరగేయవలసి వస్తుంది. అన్నీ కొనలేరు, హాస్టల్ గదిలో పెట్టుకోనూ లేరు. ఖరగ్‌పూర్ ఐఐటీ నడుపుతున్న నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018లో దేశానికి అంకితం చేశారు. దానిలో నమోదుకు రుసుము లేదు. ఇలాంటివారికి పరికరం నిజంగా బరువు తగ్గిస్తుంది.

డిజిటల్ చేస్తే శాశ్వతమా?

కాగితానికి చెద పడుతుంది, తడిస్తే పాడవుతుంది, మంట అంటుకుంటే బూడిదే. కాబట్టి డిజిటల్ చేస్తే పుస్తకం ఎప్పటికీ భద్రమని అనుకుంటాం. దీనికి మన ఊళ్లోనే ఒక పాఠం ఉంది.

చిత్తూరు జిల్లాలో పుట్టి, అమెరికాలో ఆచార్యుడై, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతి అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ ఉచితంగా అందించాలని సంకల్పించారు. దానిలో మన దేశపు భాగమే ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఈ పనికి ఒక పెద్ద కేంద్రం. నగరంలోని లైబ్రరీల నుంచి తెలుగు, ఉర్దూ, సంస్కృతం, ఇంగ్లిషు పుస్తకాలు తెప్పించి పేజీ పేజీ స్కాన్ చేశారు. అంగళ్లలో దొరకని పాత పుస్తకాలు ఇంట్లో కూర్చుని చదివే భాగ్యం అలా కలిగింది. లోపాలూ ఉన్నాయి. కొన్నింట్లో పేజీలు ఎగిరిపోయాయి, కొన్ని పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో తప్పుగా నమోదై వెతికినా దొరకకుండా పోయాయి. తర్వాత ఒక దశలో ఆ వెబ్‌సైటే అందుబాటులో లేకుండా పోయింది. అయినా ఆ పుస్తకాలు మనకు దక్కాయంటే, వాటిలో లక్షల ప్రతులు అప్పటికే ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’లోకి చేరి ఉండటం వల్లే.

దీని నుంచి రెండు సంగతులు నేర్చుకోవచ్చు. ఒకటి, స్కాన్ చేయడానికి మొదట అచ్చు ప్రతి ఉండాలి. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. అలాంటి చోట్ల ఎవరో తరతరాలుగా చెద దులిపి కాపాడితేనే స్కాన్ చేయడానికి పుస్తకం మిగిలింది. రెండు, డిజిటల్ ప్రతికీ కాపలాదారు కావాలి. ఒకే చోట ఉంచితే అదీ పోతుంది. కాగితమైనా, తెరైనా చూసుకునే మనిషి ఉంటేనే నిలుస్తుంది. విరాళం ఇచ్చేటప్పుడు వస్తువుకు ఎంత ఇస్తున్నామో, దాన్ని చూసుకునే లైబ్రేరియన్‌కు కూడా కొంత కేటాయించడం ఇందుకే అవసరం.

తెర నుంచి కాగితానికి

రెండింటినీ కలిపి వాడుకునే మంచి మార్గం ఒకటుంది. ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015లో ‘స్టోరీవీవర్’ను మొదలుపెట్టింది. అందులో తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు సహా ఎన్నో భాషల్లో బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. రచయిత, చిత్రకారుల పేర్లు అలాగే ఉంచి ఎవరైనా వాటిని ముద్రించి పంచుకోవచ్చని లైసెన్సులోనే ఉంది. అంటే ఇక్కడ దొంగతనం ప్రశ్నే లేదు. ఒకే కథను తెలుగులో, ఉర్దూలో తీసి, చందానగర్‌లోనో లింగంపల్లిలోనో ఏదో ప్రింటింగ్ షాపులో పది పదహారు పేజీల చిన్న పుస్తకాలుగా వేయించి బస్తీ పిల్లలకు ఇవ్వొచ్చు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు చదివే పిల్లలకు ఇది రెండింతల లాభం. అమ్మ ఉర్దూ ప్రతి చదివితే పిల్ల తెలుగు ప్రతి చదువుతుంది. చిన్నపిల్లలకు చదువు అబ్బేది ఇలా పక్కన కూర్చుని, వేలు పెట్టి చూపిస్తూ, బొమ్మ గురించి మాట్లాడుకుంటూ చదివినప్పుడే. ఆ పనికి కాగితాన్ని మించింది లేదు.

అలాగే ఇలాంటి సంచికలనూ, సొసైటీ కరపత్రాలనూ యూనికోడ్‌లో కూర్పించమని డీటీపీ చేసేవారికి చెప్పండి. అదనపు ఖర్చు దాదాపు ఉండదు. అచ్చు ప్రతి అందరికీ చేరుతుంది, అదే ఫైలు చూపు లేనివారికి వినడానికీ పనికొస్తుంది.

దాతలకు ఐదు ప్రశ్నలు

పుస్తకమో పరికరమో ఇచ్చే ముందు ఈ ఐదు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఒకటి: తీసుకునేవారు ఏ భాషలో చదువుతారు? ఆ భాష పుస్తకాలు ఆ పరికరంలో స్పష్టంగా కనబడతాయని మీరే తెరిచి చూశారా?

రెండు: చదివేది దేనికోసం? కథ కోసమా, కంఠస్థం కోసమా, పరీక్ష కోసమా? కంఠస్థానికీ పాఠానికీ కాగితం, విస్తారంగా తిరగేయడానికి తెర.

మూడు: ఒకరు చదివాక ఇది ఇంకొకరికి చేరుతుందా? చేరకపోతే ఆ ఖర్చుకు గట్టి కారణం ఉండాలి.

నాలుగు: పాడైతే ఎవరు బాగు చేయిస్తారు? ఛార్జరు, ఇంటర్నెట్, ఖాతా ఎవరు చూసుకుంటారు?

ఐదు: ఆ వ్యక్తి అచ్చు అసలు చదవగలరా? చదవలేకపోతే మిగతా నాలుగు ప్రశ్నల కంటే ముందు ఆ వ్యక్తికి వినే పుస్తకం అందించండి.

ఈ లెక్కన చూస్తే మన ప్రాంతంలో విరాళంలో పెద్ద భాగం అచ్చు పుస్తకాలకూ, వాటిని పెట్టే అల్మరాకూ, చూసుకునే మనిషికీ వెళ్లడం న్యాయం. మిగిలిన భాగం చూపు లేనివారికీ, వృద్ధులకూ, ఉన్నత చదువుల విద్యార్థులకూ పరికరాల రూపంలో వెళ్లాలి. మీ ఇంట్లో మీకు నచ్చిన పద్ధతిలోనే చదువుకోండి. రైల్లో కిండిల్ తెరిచినా, నిద్రకు ముందు కాగితం పుస్తకం తిప్పినా చదవడం చదవడమే. కానీ వేరేవారి చేతిలో పెట్టేటప్పుడు వారి కళ్లతో, వారి భాషతో, వారి ఇంటి పరిస్థితితో ఆలోచించి పెట్టండి. అలా ఇచ్చిన పుస్తకం మన తర్వాత కూడా ఎవరో ఒకరు చదువుతూనే ఉంటారు, ఇన్‌షా అల్లాహ్. ఆ పుణ్యం మీ ఖాతాలో జమ అవుతూనే ఉంటుంది.